ఫాల్అవుట్ న్యూ వెగాస్ కొనే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఫాల్అవుట్ టీవీ సిరీస్ చూసిన ఊపులో, సేల్ కనిపించగానే ‘ఫాల్అవుట్: న్యూ వెగాస్’ కొనేద్దామని చూస్తున్న వాళ్ల కోసం రాస్తున్నా. గేమ్ చెత్త అని కాదు. కథ, డైలాగులు, ఎన్‌సీఆర్ అనే ప్రభుత్వం వైపు నిలబడాలా, వెగాస్‌ని ఏలే మిస్టర్ హౌస్ మాట వినాలా అని మనమే తేల్చుకోవడం, వీటిలో దీనికి సాటి వచ్చే ఆర్‌పీజీలు (ఒక పాత్రలో దూరి ఆడే గేమ్‌లు) ఇప్పటికీ తక్కువే. కానీ డబ్బు కట్టి, ఇన్‌స్టాల్ కొట్టి, హాయిగా ఆడేసుకోవచ్చనుకుంటే మాత్రం బుక్కైపోతారు.

2010 అక్టోబర్‌లో వచ్చిన గేమ్ ఇది. ఫాల్అవుట్ 3కి వాడిన ఇంజిన్ (గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీదే అబ్సిడియన్ స్టూడియో వాళ్లు దాదాపు 18 నెలల్లో మొత్తం లాగించేశారు, ఆ హడావిడి ఎక్కడ చూసినా తెలిసిపోతుంది. రిలీజ్ రోజుల్లో తిరిగిన వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది: తలకి బుల్లెట్ తగిలిన మనల్ని బతికించిన డాక్ మిచెల్ ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటాడు, గొంతులో తేడా ఏమీ లేదు, తల మాత్రం మెడ మీద గిర్రున తిరుగుతూనే ఉంటుంది! గేమ్‌లో మనకి ఎదురయ్యే మొట్టమొదటి మనిషి పరిస్థితి అది. తర్వాత లోపాలు సరిదిద్దే ప్యాచ్‌లు చాలానే వచ్చాయి గానీ, అసలు రోగం పోలేదు.

పీసీలో ఇది 32-బిట్ ప్రోగ్రామ్, మీ దగ్గర ఎంత ర్యామ్ ఉన్నా మామూలుగా 2 జీబీ దాటి వాడుకోలేదు, అందుకే ఆడుతూ ఆడుతూ ఉండగా ఉన్నపళంగా డెస్క్‌టాప్‌కి వచ్చి పడతారు. ఫ్రేమ్ రేట్ 60 దాటిందా, వస్తువులు వాటంతట అవే ఎగురుతాయి. పాత పీఎస్3 డిస్క్ చవగ్గా వస్తోందని అటు అసలు వెళ్లొద్దు, ఆడేకొద్దీ సేవ్ ఫైల్ ఉబ్బిపోయి గేమ్ నత్తనడక నడుస్తుందని అప్పట్లో జనం మొత్తుకున్నారు.

(ఆట మొదలయ్యే ఊరు గుడ్‌స్ప్రింగ్స్ నుంచి నేరుగా ఉత్తరానికి వెళ్తే అక్కడి రాక్షస జీవులు డెత్‌క్లాలు చీల్చేస్తాయి, అది బగ్ కాదు, కావాలని పెట్టిందే, దాని మీద నాకేం కంప్లయింట్ లేదు.)

స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కొంటే 14 రోజుల లోపు, ఆడిన టైమ్ 2 గంటలు దాటకుండా ఉంటేనే రీఫండ్ అడగొచ్చు. కాబట్టి మొదటిసారి మీ పాత్రకి ముక్కు, గడ్డం దిద్దుకుంటూ కూర్చోకండి, త్వరగా డాక్ మిచెల్ ఇంట్లోంచి బయటపడి నాలుగు ఇళ్లలోకి వెళ్లి రండి, కాల్పులు జరపండి, ఆల్ట్-ట్యాబ్ కొట్టి చూడండి. క్రాష్ అయ్యేదేదో అప్పుడే అవ్వాలి.

ఉంచుకుందామనుకుంటే 4జీబీ ప్యాచర్ (ఆ 2 జీబీ హద్దుని పెంచే టూల్), ఎక్స్ఎన్‌వీఎస్ఈ (మోడ్‌లు పనిచేయడానికి కావలసిన టూల్) తప్పనిసరి, ‘వివా న్యూ వెగాస్’ అనే మోడ్‌ల గైడ్ పట్టుకుని వరుసగా చేసుకుంటూ పోండి, ఒక సాయంత్రం పోతుంది. ఆ గైడ్‌కి డీఎల్‌సీలు (విడిగా అమ్మే అదనపు కథలు) ఉన్న అల్టిమేట్ ఎడిషన్ కావాలి. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది: చవగ్గా కీలు (గేమ్ యాక్టివేట్ చేసే కోడ్‌లు) అమ్మే ఒక సైట్‌లో మా తమ్ముడు ‘అల్టిమేట్’ అని చూసి కొంటే యాక్టివేట్ అయింది ఉత్త బేస్ గేమ్, అమ్మినవాడు మెసేజ్‌కి జవాబే ఇవ్వడు.

ఆటో సేవ్‌ని నమ్మకుండా ఎప్పటికప్పుడు కొత్త స్లాట్‌లో సేవ్ చేసుకోండి. హూవర్ డ్యామ్ యుద్ధంతో గేమ్ అయిపోతుంది, ఆ తర్వాత ఆట జరిగే మొహావీ ఎడారిలో తిరగడానికి ఉండదు, దానికి ముందు సేవ్ ఒకటి విడిగా ఉంచుకుని డీఎల్‌సీలన్నీ ఆలోపే ముగించేయండి.