నెల్లూరు ఇంట్లో పెద్ద జిగ్సాలు: 5000 నుంచి 24,000 ముక్కల దాకా

పెద్ద జిగ్సా, అంటే అట్టముక్కలు కలిపి కట్టే బొమ్మ, కొనేవాళ్లు ముందు చూసేది పెట్టె మీది ముక్కల అంకె. ఏళ్ల తరబడి వీటిని పేరుస్తున్నవాడిగా నేను ముందు చూసేది లోపల ఎన్ని సంచులున్నాయన్నది. ఎడ్యూకా కంపెనీ వాళ్ల 24,000 ముక్కల పజిల్ 428 × 157 సెంటీమీటర్లు ఉంటుంది, కానీ నాలుగు సంచుల్లో వస్తుంది, సంచికి 6000. రావెన్స్‌బర్గర్ కంపెనీ 40,320 ముక్కలది పది సంచులు, ఒక్కోదాంట్లో 4,032. కొడాక్ పేరుతో వచ్చిన 51,300 ముక్కలదైతే 1,900 ముక్కల బొమ్మలు ఇరవై ఏడు కలిపి చేసింది. కాబట్టి వీటిలో అన్నిటికన్నా కష్టమైనది అన్నిటికన్నా పెద్దది కాదు. ఒకే కుప్పగా పోసుకునే 9000 ముక్కలు 51,300 కన్నా ఎక్కువ సతాయిస్తాయి.

కారణం చిన్న లెక్కే. ముక్కలు అయిదు రెట్లయితే వెతకాల్సిన చోట్లు అయిదు రెట్లవుతాయి, ఒక్కో చోటికి తిరగేయాల్సిన ముక్కలూ అయిదు రెట్లవుతాయి. అంటే వెయ్యి ముక్కల బొమ్మతో పోలిస్తే 5000 ముక్కల బొమ్మకు వెతుకులాట ఇరవై అయిదు రెట్లు. కుప్పను రంగుల వారీగా విడగొట్టుకోకపోతే ఈ లెక్కే మనిషిని కూలేస్తుంది. ఒక సంచి పూర్తి కాకుండా రెండోది కత్తిరించొద్దని అనేదీ అందుకే.

విడగొట్టేముందు జల్లెడ పట్టాలి. సంచి అడుగున కోతపొడి ఉంటుంది. అది గుంటల్లో ఇరుక్కుంటే ముక్కలు సరిగ్గా కూర్చోవు. బియ్యం జల్లెడలో రెండు మూడు గుప్పిళ్ల చొప్పున పోసి మెల్లగా ఊపితే చాలు. కింద పడ్డదాన్ని పారేసేముందు ఒకసారి చేత్తో కలియబెట్టి చూడండి. ఇక ముక్కలు పెట్టుకోవడానికి ఖరీదైన ట్రేలు అక్కర్లేదు. మలైకాజాలు పెట్టి ఇచ్చే కిలో అట్టపెట్టెలు, నెయ్యి మరక అంటనివి, మూతతో సహా రెండేసి పళ్లేలుగా పనికొస్తాయి. అన్ని ముక్కలూ బొమ్మవైపు పైకి, ఒకే పొరగా పరచాలి. ఒకదాని మీద ఒకటి పడితే ఏరిన ఫలితం సగం పోయినట్టే. విడిగా పరిచిన ముక్కలు పూర్తయిన బొమ్మకు రెట్టింపు చోటు అడుగుతాయన్నది కూడా కొనేముందే గుర్తుంచుకోండి.

చోటు సంగతి కొలతల్లో చూస్తే, 5000 ముక్కల రావెన్స్‌బర్గర్ బొమ్మ 153 × 101 సెంటీమీటర్లు, సుమారు అయిదడుగులు, మూడడుగుల నాలుగంగుళాలు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు మీద ఇది పట్టగా పక్కన పళ్లేలకు మూడడుగులు మిగులుతుంది. 9000 ముక్కలది 192 × 138. అదే షీటు మీద వెడల్పులో ఆరంగుళాలు బయటికి వేలాడుతుంది. అందుకని దాన్ని రెండు సగాలుగా, రెండు షీట్ల మీద కట్టి తర్వాత కలపాలి. 24,000 ముక్కలది పద్నాలుగడుగుల పొడవు. మన ఇళ్లలో మామూలుగా ఉండే పది బై పన్నెండు గదిలో అది పట్టదు, హాలు కావాలి. దాని ఒక్కో భాగం 107 × 157 కాబట్టి కట్టేటప్పుడు మాత్రం ఒక్క షీటు చాలు.

షీటు ఆరు మిల్లీమీటర్లదైతే ఎత్తగానే మధ్యలో వంగి ముక్కల్ని విడదీస్తుంది. పన్నెండు మిల్లీమీటర్లది వంగదు, కానీ బరువు ఇరవై కిలోల పైమాట, ఇద్దరు పట్టాలి. ఫ్లెక్సీలు వేసే షాపుల్లో దొరికే సన్‌బోర్డు (నురుగు ప్లాస్టిక్ పలక) తేలిక. మంచం కిందకి తోసి, బయటికి లాగడానికి అది బాగుంటుంది గానీ గాల్లోకి ఎత్తడానికి పనికిరాదు.

అంచులు ముందు కట్టాలన్న అలవాటు వెయ్యి ముక్కల వరకే సరి. 5000 ముక్కల్లో అంచు ముక్కలు మూడొందల లోపే. వాటిని ఏరి పక్కన ఉంచండి, కట్టడం మాత్రం బొమ్మలో గట్టి రంగులు, గీతలు, అక్షరాలు ఉన్నచోట మొదలుపెట్టండి. పాత ప్రపంచపటాల బొమ్మలు పెద్ద సైజుల్లో మొదటిసారి చేసేవాళ్లకు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. పేర్లు ముక్కల మీదే ఉంటాయి, చదువుతూ పోవచ్చు. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ చెక్క మీద అతికించి, దేశాల సరిహద్దుల వెంట కోసి అమ్మినవీ పటాలే.

అసలు పరీక్ష బొమ్మలోని ఆకాశం దగ్గర. రంగు సాయం చేయదు కాబట్టి ఆకారం పట్టుకోవాలి. నాలుగు వైపులున్న ముక్కకు బొడిపెలు (పక్క ముక్క గుంటలో కూర్చునే కొసలు) ఎన్ని, ఎక్కడ అన్నదాన్ని బట్టి ఆరు రకాలే ఉంటాయి: అసలు లేనిది, ఒకటి, ఎదురెదురుగా రెండు, పక్కపక్కన రెండు, మూడు, నాలుగు. ఎదురెదురు రెండు బొడిపెల రకం సాధారణంగా ఎక్కువ, అందుకే దాన్ని మళ్లీ బొడిపె లావు, సన్నం చూసి విడగొట్టాలి. ఈ దశలో కన్ను మారడం తెలుస్తుంది. మొదట్లో ఒకే నీలంగా కనిపించింది కొన్నాళ్లకు నాలుగైదు నీలాలవుతుంది: పైన చిక్కటిది, దిగంతం దగ్గర పాలు కలిసినట్టుండేది, మధ్యలో అచ్చు చుక్కలు కొంచెం గరుకుగా కనిపించేది. నన్ను మళ్లీ మళ్లీ ఈ పెట్టెల దగ్గరికి లాక్కొచ్చేది ఇదే. పళ్లెంలో ఉన్న మూడొందల ముక్కల్లోంచి చెయ్యి నేరుగా ఒకదాని మీదికి వెళ్లి, అది టక్కున కూర్చుంటే కలిగే ఆనందం చిన్న పజిళ్లలో దొరకదు.

ఈ నీలంలోనే తప్పు జోడీలు పుడతాయి. అడ్డంగా, నిలువుగా వరసల్లో కోసే పజిళ్లలో ఒక చోటికి రెండు మూడు ముక్కలు సరిపోయినట్టే ఉంటాయి. తప్పు అప్పుడే బయటపడదు. వందల ముక్కల తర్వాత వరస చివర ఒక ముక్క పట్టనప్పుడు తెలుస్తుంది. అందుకే ప్రతి కొత్త ముక్క పెట్టాక నాలుగు మూలలు కలిసే చోట వేలికొనతో తడమాలి. గట్టు తగిలితే అనుమానించాలి. పది ముక్కలు కలిశాక ఆ తునకను ఎత్తి, వెనక ఫోన్ టార్చి పెట్టి చూడండి. సరైన జోడీల మధ్య వెలుతురు సన్నటి గీతలా అంతటా సమానంగా వస్తుంది, తప్పు జోడీలో ఒక పక్క లావుగా వస్తుంది. ట్యూబ్‌లైటు నెత్తిమీద కాకుండా పక్కన ఉండాలి, లేకపోతే మెరుపులో రంగు కొట్టుకుపోతుంది. నీలాలు ఏరే పని మాత్రం పగటి వెలుతురులోనే.

మన జిల్లాలో పెద్ద శత్రువు చెమ్మ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు వరసకడితే అట్ట గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది. సగం కట్టిన బొమ్మ మధ్యలో పైకి లేస్తుంది, ముక్కలు బిగుసుకుంటాయి. దాన్ని నొక్కొద్దు, బొడిపెల అచ్చు కాగితం లేచిపోతుంది. పైన దుప్పటి కప్పి వదిలేస్తే ఎండ కాశాక చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానల్లోపు ముగించేలా చూసుకోవడం ఉత్తమం. అలాగే తడిగుడ్డ పెట్టే గచ్చు మీద నేరుగా పరచొద్దు. పూర్తయ్యేదాకా ఆ గది చెత్తను చీపురుతో ఊడ్చాక చూడకుండా పారబోయొద్దు.

భాగాలు కలిపేటప్పుడు రెండు షీట్లను ఒకే ఎత్తులో పక్కపక్కన ఆనించి, ఒక చివర నుంచి బొడిపెల్ని వరసగా దించుకుంటూ రావాలి. మధ్యలో మొదలుపెడితే చివర్లు కలవవు.

గోడకు పెట్టాలనుకుంటే ఏప్రిల్, మే ఎండల్లోనే జిగురు పని చేయండి. తెల్ల జిగురులో నీళ్లు కలిపితే అట్ట వంగుతుంది. కింద ప్లాస్టిక్ షీటు వేసి, చిక్కటి జిగురునే పాత ప్లాస్టిక్ కార్డుతో మధ్య నుంచి అంచులకు పలుచగా లాగాలి. ఆరాక తిప్పి వెనకవైపూ పూయాలి, లేకుంటే ఒక పక్కకి చుట్టుకుంటుంది. ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపులో అద్దం వేయిస్తామంటే 5000 సైజుకు అది మోయలేని బరువు, పైగా లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. అక్రిలిక్ షీటు మేలు. విప్పి దాచేవాళ్లు ఏ భాగం ముక్కల్ని ఆ భాగంగానే జిప్ కవర్లలో వేసి, మీద నంబరు రాసి, పెట్టెలో రెండు కలరా ఉండలు పడేయండి. కొన్నది ఎడ్యూకా అయితే పెట్టె పారేయొద్దు. తప్పిపోయిన ముక్క కోసం వాళ్లకు ప్రత్యేక సేవ ఉంది, దానికి పజిల్ వివరాలు కావాలి.