జ్ఞాన్ పోస్ట్: సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకు ఎంత ఉపయోగం?

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితకు అచ్చు పూర్తయిన తరువాత ఎదురయ్యే పెద్ద ప్రశ్న, ఒక్కొక్క ప్రతి పాఠకుడి చేతికి ఎంత ఖర్చుతో చేరుతుందన్నది. కావలి, ఉదయగిరి, కనిగిరి, పొదిలి వంటి ఊళ్లలో పాఠ్యపుస్తకాలూ నోటుపుస్తకాలూ అమ్మే దుకాణాలు ఉన్నాయి గానీ, సాహిత్యానికీ స్థానిక చరిత్రకూ ఒక అర కేటాయించే దుకాణం దొరకడం కష్టం. నగరాల్లోని విక్రేతలకు ఇస్తే ముఖవిలువలో నలభై శాతం దాకా వదులుకోవడం మామూలే. అందువల్ల ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల గ్రామాల చరిత్రపై నేను వేసిన పుస్తకాన్ని కావలి నుంచి పాఠకులకు నేరుగా తపాలాలోనే పంపుతున్నాను. పుస్తకాలను తక్కువ రుసుముతో చేర్చడానికి తపాలా శాఖ 2025 మే 1న ప్రారంభించిన జ్ఞాన్ పోస్ట్ సేవను ఆ వాడకం ఆధారంగానే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

పుస్తకాలను చౌకగా పంపుకునే పాత తపాలా సేవ అయిన బుక్ పోస్టును 2024 డిసెంబరులో తీసివేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు ఎంత కలవరపడ్డారో పుస్తకాల లోకంలో ఉన్నవారందరికీ తెలుసు. నూటయాభై రూపాయల పుస్తకానికి అందులో సగం దాకా తపాలా ఖర్చే అయితే కొనేవారు వెనుకాడతారు. ఆ లోటును జ్ఞాన్ పోస్ట్ చాలావరకు తీర్చింది. 300 గ్రాముల లోపు ప్యాకెట్‌కు 20 రూపాయలు, అయిదు కిలోల ప్యాకెట్‌కు 100 రూపాయలు, వీటికి అదనంగా పన్ను. రుసుము బరువును బట్టే గానీ దూరాన్ని బట్టి మారదు కనుక, ఒంగోలులోని పాఠకుడికైనా ఢిల్లీలో స్థిరపడిన తెలుగు కుటుంబానికైనా ఒకే ధర చెప్పగలుగుతున్నాను. రసీదు మీది సంఖ్యతో ప్యాకెట్ ఎక్కడ ఉందో చూసుకునే సదుపాయం కూడా ఉంది. ఆ సంఖ్యను పాఠకుడికి వాట్సాప్‌లో పంపితే, పుస్తకం ఎప్పుడు వస్తుందని మళ్లీ మళ్లీ అడగవలసిన అవసరం అతనికి ఉండదు.

ఈ సేవను సరిగా వాడుకోవాలంటే పుస్తకాన్ని అచ్చుకు ఇవ్వకముందే తూకం గురించి ఆలోచించాలి. మన ముద్రణాలయాల్లో ఎక్కువగా వాడే డెమీ 1/8 సైజును, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తును తీసుకుందాం. 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం తూగే గ్రాములు) మ్యాప్‌లితో కాగితంపై 200 పేజీల పుస్తకం, 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు అట్టతో కలిపి సుమారు 230 గ్రాములు తూగుతుంది. ప్యాకింగుకు మరో ముప్ఫై గ్రాములు పోయినా 300 లోపే ఉంటుంది. అదే పుస్తకం 240 పేజీలైతే తూకం 270 దాటి, ప్యాకింగుతో తరువాతి శ్లాబులోకి పోతుంది. 80 జీఎస్ఎం కాగితం వాడితే 200 పేజీలకే హద్దు దగ్గరకు వస్తుంది. పదహారు పేజీల ఫారం ఒకటి తగ్గించడమా, అక్షరాల సైజు అర పాయింటు దించడమా అన్నది డీటీపీ దశలోనే, అంటే కంప్యూటరులో పేజీలు కూర్చేటప్పుడే, తేల్చుకోవలసిన విషయం. చదవడానికి ఇబ్బంది కలిగేంతగా అక్షరాలను కుదించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను, అంతకన్నా ఎక్కువ తపాలా రుసుము భరించడమే మేలు.

ఎక్కువ ప్రతులు ఒకేచోటికి పంపేవారికి ఈ సేవ మరింత లాభం. అటువంటి పుస్తకాలు ఇరవై కలిపితే సుమారు 4.6 కిలోలు, గట్టి ప్యాకింగుతో సైతం అయిదు కిలోల లోపే సర్దవచ్చు. అంటే విజయవాడలోని విక్రేతకో, ఒక గ్రంథాలయానికో పంపేటప్పుడు ఒక్కొక్క ప్రతికి పడే రుసుము, పన్ను కాక, అయిదు రూపాయలు.

నిబంధనలు కొన్ని ముందుగా తెలుసుకోవాలి. ఇది విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన ముద్రిత పుస్తకాలకు ఉద్దేశించిన సేవ, వ్యాపార ప్రచురణలకు కాదు. పుస్తకంలో ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో తప్పనిసరిగా ఉండాలి. సొంతంగా వేసుకునేవారు తమ పేరునే ప్రచురణకర్తగా వేసుకుంటారు కనుక ఆ వివరాల పేజీని నిర్లక్ష్యం చేయకూడదు. వాణిజ్య ప్రకటనలు ఉన్న పుస్తకాలను అంగీకరించరు, రచయిత ఇతర పుస్తకాల జాబితా ఉంటే ఫరవాలేదు. మన ప్రాంతంలో అచ్చు ఖర్చుకు సాయపడిన ఆసుపత్రి ప్రకటననో, నగల దుకాణం ప్రకటననో చివరి అట్టపై వేయడం ఆనవాయితీగా ఉంది. ఆ దాతల పేర్లను కృతజ్ఞతల పేజీలో గౌరవంగా ప్రస్తావించి, ప్రకటనను మానుకోవడం ఇకపై అన్ని విధాలా శ్రేయస్కరం. కథలు, కవిత్వం వేసినవారు పుస్తకాన్ని కౌంటరులో చూపించి ముందుగా అడగడం మంచిది. నా అభిప్రాయంలో సాహిత్యం సంస్కృతిలో భాగమే, శాఖ ఆ మాటను అన్ని కౌంటర్లకూ స్పష్టంగా రాసి పంపాలి.

ప్యాకెట్లు రోడ్డు, రైలు మార్గాల్లోనే వెళ్తాయి కనుక ఆవిష్కరణ సభకు సమయానికి అందవలసిన ప్రతులను దీనిలో పంపడం తగదు. నెల్లూరు, ఒంగోలు మధ్య అటువంటి అవసరానికి ఆర్టీసీ కార్గో మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాలో వానలు ముమ్మరం కాబట్టి, పుస్తకాన్ని మొదట పాలిథీన్ సంచిలో పెట్టి అంటించి, ఆ పైన ఖాకీ కాగితం చుట్టాలి. మూలలకు అట్టముక్కలు పెడితే అంచులు నలగవు.

పుస్తకాల బట్వాడా చట్టం, 1954 ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వెలువడిన ముప్ఫై రోజుల్లోపు కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా సహా మరి మూడు గ్రంథాలయాలకూ తన ఖర్చుతో ఒక్కొక్క ప్రతి పంపాలి. సొంతంగా వేసుకున్న రచయితే ప్రచురణకర్త కనుక ఈ బాధ్యత అతనిదే. చాలామంది దీన్ని వదిలేయడం నాకు బాధ కలిగించే విషయం. స్థానిక చరిత్రలు అచ్చయిన ఊళ్లోనే మిగలకుండా పరిశోధకులకు దొరకాలంటే ఇదే దారి, 300 గ్రాముల లోపు ప్యాకెట్లయితే జ్ఞాన్ పోస్ట్‌లో దానికి అయ్యే ఖర్చు వంద రూపాయల లోపే.

ఈ సేవలో నాకు కనిపించే పెద్ద లోపం, దీన్ని డిపార్ట్‌మెంటల్ పోస్టాఫీసుల్లోనే, అంటే హెడ్, సబ్ పోస్టాఫీసుల్లోనే అందుబాటులో ఉంచడం. పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసు ఉత్తరాలు తీసుకుంటుంది, పాఠకుడికి వచ్చిన పుస్తకాన్ని ఇంటికి చేరుస్తుంది, కానీ అదే పల్లెలో ఉన్న రచయిత మాత్రం ఒక్క ప్రతి పంపడానికి బస్సెక్కి సబ్ పోస్టాఫీసుకు రావాలి. ఇరవై రూపాయల సేవకు బస్సు చార్జీ తోడైతే రాయితీకి అర్థం ఉండదు. బ్రాంచి పోస్టాఫీసులకు కూడా దీన్ని విస్తరించాలని, ఈ లోగా పల్లెల్లోని రచయితలు వారానికొకసారి ఆర్డర్లన్నీ కలిపి తీసుకెళ్లేలా ఏర్పాటు చేసుకోవాలని నా సూచన.