రాజముద్ర ఉన్న దొంగా, నల్లజెండా దొంగా: ఏది మేలు?

మూడొందల ఏళ్ల కిందట సరుకు ఓడలో దెబ్బలూ అరకొర జీతమూ భరించలేని ఇంగ్లిష్ నావికుడికి దోపిడీలో రెండు దారులుండేవి. యుద్ధకాలంలో రాజు ఇచ్చే అనుమతి పత్రంతో శత్రువుల ఓడలు కొట్టేవాళ్లని ప్రైవేటీర్లు అనేవారు. పత్రం లేకుండా నల్లజెండా ఎగరేసి కొడితే సముద్రపు దొంగ. పని ఒకటే, ఊళ్లో దక్కే మర్యాద వేరు.

మర్యాద వరకైతే ప్రైవేటీర్ హెన్రీ మోర్గాన్‌ని చూడాలి. స్పెయిన్‌తో సంధి కుదిరాక కూడా, 1671లో స్పెయిన్ వాళ్ల పనామా నగరాన్ని లూటీ చేశాడు. స్పెయిన్ గొడవ చేస్తే అతన్ని పట్టుకుని లండన్ తీసుకెళ్లారు. 1674లో సర్ బిరుదిచ్చి, ఇంగ్లిష్ వలస జమైకాకి డిప్యూటీ గవర్నర్ని చేశారు! తర్వాత తన గురించి చెడ్డగా రాసిన పుస్తక ప్రచురణకర్తల మీద పరువునష్టం దావా వేసి పరిహారం కూడా రాబట్టాడు.

విలియం కిడ్‌కీ రాజు పత్రం ఉంది. దొంగల్నీ ఫ్రెంచి ఓడల్నీ పట్టమని 1696లో పంపారు. 1698లో మలబారు తీరాన క్వెదా మర్చంట్ అనే ఓడని పట్టాడు. అందులో ఫ్రెంచి పాసులు (ఆ ఓడ ఫ్రెంచివాళ్ల రక్షణలో ఉందని చెప్పే పత్రాలు) దొరికాయి కాబట్టి తప్పులేదనుకున్నాడు. కానీ సరుకు అర్మేనియన్ వర్తకులది, మొగలు దర్బారు దాకా పోయే వ్యవహారం. అంతకు మూడేళ్ల ముందే హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లిష్ సముద్రపు దొంగ, మక్కా నుంచి వస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని దోచాడు. ఆ కోపానికి సూరత్‌లో ఈస్టిండియా కంపెనీవాళ్లు నిర్బంధంలో పడ్డారు. కంపెనీకి మళ్లీ అలాంటి టెన్షన్ వద్దు. విచారణలో ఆ పాసులు కనిపించలేదు, 1701లో కిడ్‌ని ఉరితీశారు. అవి ఇరవయ్యో శతాబ్దంలో లండన్ ప్రభుత్వ రికార్డుల్లోనే బయటపడ్డాయి. (ఎవ్రీ మాత్రం చివరిదాకా దొరకలేదు.)

నల్లజెండా ఓడ మీద గౌరవం లోపల దొరికేది. బార్తలోమ్యూ రాబర్ట్స్ ఓడలో అందరికీ ఓటు, కెప్టెన్‌కి రెండు వాటాలు మాత్రమే, కాలో చెయ్యో పోయినవాడికి ఉమ్మడి సొమ్ములోంచి 800 నాణేలు. సరుకు ఓడలో ఇవి ఊహకందవు. చట్టం వీళ్లని మానవజాతి శత్రువులంది కానీ జనం అంత గట్టిగా అనుకోలేదు. 1696లో ఎవ్రీ మనుషుల్ని లండన్ జ్యూరీ మొదట నిర్దోషులనే వదిలేసింది. వెంటనే ఇంకో నేరం మోపి దోషులుగా తేల్చాల్సి వచ్చింది. న్యూయార్క్ వర్తకులైతే చౌకగా వస్తోందని దోపిడీ సరుకు కొనేవారు. కానీ 1722లో రాబర్ట్స్ చనిపోయాక అతని మనుషులు 52 మందిని ఆఫ్రికా తీరంలో ఉరితీశారు.

నన్నడిగితే, 1670 నాటి జమైకాలో అయితే కళ్లు మూసుకుని పత్రమే. 1700 దాటాక పత్రం ఉన్నా, దోచే ఓడలో సరుకు ఎవరిదో ముందు కనుక్కోవాలి. నల్లజెండా మేలయ్యేది ఇంటికి తిరిగిరావాలన్న ఆశ లేనివాడికే.