ఎడమ కాలికి చోటు లేని కారు

షోరూంలో కారు తలుపు తీసి కూర్చోగానే నేను చేసే మొదటి పని చూసి సేల్స్ కుర్రాళ్లు కంగారు పడుతున్నారు. స్టీరింగ్ పట్టుకోను, స్క్రీన్ వంక చూడను. తల వంచి క్లచ్‌కు ఎడమ పక్కన కాలితో తడుముతాను. "ఏమైనా పడిపోయిందా మేడమ్?" అంటూ ఒకబ్బాయి సెల్‌ఫోన్ లైటు కూడా వేశాడు. నేను వెతికేది ఎడమ కాలు ఆనించుకునే చోటు కోసం. దాన్ని డెడ్ పెడల్ అంటారని కారు కొన్న రెండేళ్లకు ఒక మెకానిక్ చెబితే తెలిసింది. ఆ పాఠానికి 13,800 రూపాయలు ఫీజు కట్టాను.

నాది 2022లో కొన్న చిన్న పెట్రోల్ కారు. ఐదు గేర్ల మాన్యువల్, కింది నుంచి రెండో మోడల్. పేరు రాయను. జరిగినదాంట్లో సగం తప్పు నాదే, మిగతా సగం ఎవరిదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నిజాంపేట నుంచి ఇస్నాపూర్‌లో కాలేజీకి రోజూ రాకపోకలు, నెలకోసారి సూర్యాపేట. ఇప్పటికి 57 వేల కిలోమీటర్లు తిరిగింది. నా ఎత్తు ఐదడుగులు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు ప్రతి షోరూంలోనూ ఒకటే మాట: "మేడమ్ నడుపుతారంటే ఆటోమేటిక్ తీసుకోండి సార్." అదీ మా ఆయన వైపు తిరిగి. మా ఆయనకు అసలు డ్రైవింగే రాదు. ఆయన నవ్వి ఊరుకున్నారు, నాకు మాత్రం రోషం వచ్చింది. క్లచ్, గేరు తనే చూసుకునే ఏఎంటీ రకం ఆటోమేటిక్‌కు ఇంకో యాభై వేలు పెట్టాలన్నది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం ఆ రోషమే.

ఈ కారు క్లచ్ తొక్కగానే ఇక వేరే కారు చూడబుద్ధి కాలేదు. పువ్వు మీద కాలు వేసినట్టు ఉంది. మియాపూర్ సిగ్నల్ దగ్గర అరగంట ఆగి ఆగి వెళ్లినా మోకాలు నొప్పి తెలియదు. స్టాఫ్ రూంలో ఆ క్లచ్ గురించి ఎంతగా చెప్పానంటే, ఇద్దరు మేడమ్‌లు అదే కారు కొన్నారు. ఇప్పుడు వాళ్లు ఎదురొస్తే క్లచ్ ఊసు తప్ప అన్నీ మాట్లాడతాను.

గేరు మార్చే పని లేనప్పుడు ఎడమ కాలు ఎక్కడ ఉంటుందో ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పొట్టిదాన్ని కాబట్టి సీటు బాగా ముందుకు జరుపుకుంటాను. మోకాలు మడిచి కూర్చుంటే పాదం సరిగ్గా పెడల్ మీదికి వస్తుంది. పక్కన పెట్టుకోవడానికి చూస్తే చదునైన నేల, దాని వెనక ప్లాస్టిక్ గోడ, అంతే. పాదానికి ఆనుకునే వాలు లేదు. దాంతో అది క్లచ్ మీదే విశ్రాంతి తీసుకునేది. నొక్కుతున్నానని నేను అనుకోలేదు, ఊరికే ఆనించానంతే. బిగువు క్లచ్ అయితే స్ప్రింగే కాలిని పైకి నెట్టేసి చెప్పేది. నేను పువ్వు అని మురిసిన క్లచ్ ఏమీ చెప్పలేదు. ఆ కాస్త బరువు చాలట, పెడల్ నొక్కితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఒత్తుతూనే ఉంటుంది, క్లచ్ ప్లేట్‌ను ఇంజిన్ వైపు అదిమిపట్టే ప్రెషర్ ప్లేట్ పట్టు కొంచెం సడలుతుంది, క్లచ్ ప్లేట్ జారి వేడెక్కి అరుగుతుంది.

అరుగుతోందని చెప్పినవాడు లేకపోలేదు. 2024 ఉగాదికి వచ్చిన మా తమ్ముడు బండి తీసి వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "అక్కా, క్లచ్ ఏంటి ఇంత పైన పడుతోంది? కాలు దాదాపు తీసేస్తే గానీ బండి కదలడం లేదు" అన్నాడు. రోజుకింత చొప్పున పైకి జరిగింది కాబట్టి నా కాలికి తెలియలేదు. "క్యాబుల్లో తిరిగి తిరిగి నువ్వే డ్రైవింగ్ మర్చిపోయావు" అని కొట్టిపారేశాను.

ఆ ఆగస్టులో శ్రీశైలం వెళ్లాం. డ్యామ్ గేట్లు ఎత్తారంటే హైదరాబాద్ సగం అక్కడే ఉంటుందని తెలిసీ ఆదివారమే బయల్దేరాం. దర్శనం బాగానే అయింది. తిరుగు ప్రయాణంలో డ్యామ్ కింది వంతెన దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే కథ మొదలైంది. రోడ్డుకు రెండు పక్కలా కార్లు ఆపేసి జనం ఫొటోలు దిగుతున్నారు. పది అడుగులు కదలడం, ఐదు నిమిషాలు ఆగడం. ఎత్తు మీద ఆగితే వెనక్కి జారకుండా పట్టుకునే హిల్ హోల్డ్ నా మోడల్‌లో లేదు. నా వెనకే ఆర్టీసీ బస్సు, జానెడు దూరంలో. మొదటి అరగంట పద్ధతిగా ప్రతిసారీ హ్యాండ్‌బ్రేక్ వేశాను. తర్వాత చెయ్యి లాగేసింది. హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగమే వదిలి, కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ బండిని అలాగే నిలబెట్టడం మొదలుపెట్టాను. ఐదుగురం, పైగా ఏసీ.

"అమ్మాయ్, ఏదో మాడుతోంది" అంది వెనక నుంచి అత్తయ్య. ముందున్న లారీదేమో అన్నాను. లారీ పక్కకు తప్పుకుని వెళ్లిపోయింది, వాసన మాతోనే ఉండిపోయింది.

తర్వాతి మలుపులో ఫస్ట్ గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ గొంతు పెరిగింది గానీ బండి కదల్లేదు. ఇంకా తొక్కాను. అరుపు పెరిగింది, బండి నెమ్మదిగా వెనక్కి జారింది. బస్సు కండక్టరు అద్దం మీద దబదబా బాదాడు. హ్యాండ్‌బ్రేక్ లాగేసరికి నా చేతులు వణుకుతున్నాయి. మా ఆయన దిగి చక్రం కింద రాయి పెట్టారు. కండక్టరూ నలుగురు ప్రయాణికులూ కలిసి బండిని పక్కకు నెట్టారు. "ఆడవాళ్లకు ఘాట్ రోడ్డు ఎందుకు" అన్నాడు ఎవరో. నాకు అప్పుడు గొడవపడే ఓపిక కూడా లేదు.

ఆ బస్సు డ్రైవరు మాత్రం దిగివచ్చి నన్నే చూస్తూ మాట్లాడాడు. "క్లచ్ జారుతోందమ్మా. బండి ఆపేసి గంటసేపు చల్లారనివ్వు. మనుషుల్ని నా బస్సు ఎక్కించు. ఖాళీ బండిని దారి దొరికినప్పుడు ఫస్ట్‌లోనే, ఎక్కడా ఆపకుండా ఎక్కించెయ్." అత్తయ్య, మామయ్య, పాప బస్సెక్కారు. మేమిద్దరం మొక్కజొన్న పొత్తులు తింటూ గంటన్నర కూర్చున్నాం. ట్రాఫిక్ పలచబడ్డాక ఆయన చెప్పినట్టే చేశాను. దోమలపెంట చేరేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాను. అక్కడి నుంచి మన్ననూరు దాకా అంతా పులుల అడవి, రాత్రి 9 తర్వాత వాహనాలను వదలరు. మధ్యలో ఆగిపోతే ఏమిటని కారు అక్కడే వదిలేసి మేమిద్దరం కూడా బస్సులోనే ఇల్లు చేరాం. మర్నాడు రికవరీ బండి మీద తెప్పించుకున్నాం.

అప్పటికి 34 వేల కిలోమీటర్లే. వారంటీ ఉందిగా అంటే సర్వీస్ అడ్వైజర్ "క్లచ్ వేర్ అండ్ టేర్ కిందికి వస్తుంది, వారంటీ వర్తించదు. డ్రైవింగ్ స్టైల్ సార్" అన్నాడు, మళ్లీ మా ఆయన వైపే చూస్తూ. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ మార్చారు. పాత ప్లేటు చూపించమని పట్టుబట్టాను. రివెట్లు బయటపడ్డాయి, ప్రెషర్ ప్లేట్ మాడి నీలం రంగుకు తిరిగింది. దాన్ని పట్టుకొచ్చిన పెద్దాయన కారులోకి వంగి చూసి, "హైవే మీద ఎడమ కాలు ఎక్కడ పెడతారమ్మా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

యాక్సెసరీస్ షాపులో 850 పెట్టి ఒక డెడ్ పెడల్ బిగించుకున్నాను. మూడు నెలలకు వదులై ఒకరోజు క్లచ్ కిందికి జరిగింది. భయమేసి పీకించేశాను. ఇప్పుడు మడమ వెనక్కి లాక్కుని నేల మీదే పెడుతున్నాను. కొత్త క్లచ్ మీద 23 వేల కిలోమీటర్లు తిరిగాను, ఇంకా బాగానే పడుతోంది. పువ్వులా ఉంటుందన్న మాట మాత్రం తగ్గించుకోవాలి. నాది పెడల్ తొక్కితే తీగ లాగే కేబుల్ క్లచ్, ఈ మధ్య పొద్దున్నే తీస్తే కాస్త బిగుసుకున్నట్టు ఉంటోంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గడంతో తమ్ముడికి కారు మీద మనసైంది. వాడికీ మాన్యువలే కావాలి. రెండు వారాలుగా షోరూములు తిరుగుతున్నాం. ఆరేడు లక్షల్లో చూసిన రెంటిలో ఒకదానికి నా కారు లాగే ఏమీ లేదు. రెండోదాంట్లో ముందు చక్రం గూడు కొద్దిగా లోపలికి ఉబ్బి ఉంది. కంపెనీవాళ్లు కాలి కోసం అని చేసి ఉండరు, కానీ నా పాదం చక్కగా ఆనింది. పదకొండు లక్షల కారులో అచ్చంగా దానికోసమే పెట్టారు, మరీ ఇరుకు, నా చెప్పు సగం బయటే ఉంది. ఆ ధరలో హిల్ హోల్డ్ ఉంది మరి, ఘాట్ గుర్తొచ్చి మనసు అటు లాగింది. అయితే ఎక్స్‌షోరూం ధర పది లక్షలు దాటగానే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 14 నుంచి 17 శాతానికి ఎగురుతుంది. తమ్ముడి లెక్కలన్నీ అక్కడే ఆగుతున్నాయి.

పదిహేడు లక్షల దాంట్లో కాలికి సింహాసనమే వేశారు. ఆరు గేర్లు, కేబుల్ బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్. షోరూం సెల్లార్ ర్యాంప్ మీద ఆపి ఆపి ఎక్కిస్తానంటే ముందు ఒప్పుకోలేదు, బతిమాలితే మూడుసార్లు ఎక్కించనిచ్చారు. మూడోసారికి నా తొడ పట్టేసింది. అదే క్లచ్‌ను ఐదడుగుల పది అంగుళాల తమ్ముడు "బరువేముంది అక్కా" అన్నాడు. కాబట్టి ఆ కారు గురించి నా మాట నమ్మకండి. 2020లో వెన్యూతో వచ్చిన ఐఎంటీ గురించి కూడా ఒకరు చెప్పారు. గేరు మనమే మార్చాలి, క్లచ్ పెడల్ ఉండదు. ఎడమ కాలికి కావలసినంత చోటు! కానీ లోపల క్లచ్ ప్లేట్ ఉండనే ఉంటుంది, ఏఎంటీలోనూ అంతే. ఘాట్ మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే అదీ మాడుతుంది.

నా కారు మళ్లీ కొంటానా అంటే, ఇస్నాపూర్ రోడ్డుకైతే కొంటానేమో. రోజూ ట్రాఫిక్‌లో ఈదేవాళ్లకు, నాలాగా సీటు ముందుకు జరుపుకునేవాళ్లకు చెప్పాలంటే నోరు రావడం లేదు. తమ్ముడు ఉబ్బు ఉన్న ఆరున్నర లక్షల కారుకూ, ఇరుకు పెడల్ ఉన్న పదకొండు లక్షల కారుకూ మధ్య ఊగుతున్నాడు. ఆదివారం మళ్లీ రెండూ నడుపుతామని చెప్పాం. పోయినసారి వాడు హవాయి చెప్పులతో వచ్చాడు, ఈసారి ఆఫీసు బూట్లు వేసుకుని రమ్మన్నాను.