మూడేళ్లుగా సూపర్‌విజన్‌కి వెళ్తున్నాను

విజయవాడలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌ని. మూడేళ్లుగా పదిహేను రోజులకోసారి మొగల్రాజపురంలో ఒక సీనియర్ కౌన్సెలర్ దగ్గర గంటసేపు సూపర్‌విజన్ తీసుకుంటున్నాను. ఆ మాట వినగానే మనవాళ్లకి తలమీద నిలబడి పని చేయించే మనిషి గుర్తొస్తాడు. ఈవిడకి నా జీతంతో, ప్రమోషన్‌తో ఏ సంబంధమూ లేదు. నేను చేసి వచ్చిన పనిని నాతోనే మళ్లీ నిదానంగా చెప్పిస్తారు.

మొదటి నాలుగైదు నెలలు అస్సలు నచ్చలేదు. సలహా కోసం వెళ్తే తిరిగి ప్రశ్నలు వేసేవారు. "ఏం చేయాలో చెప్పండి మేడం" అని ఒకసారి విసుక్కున్నాను కూడా.

సూపర్‌విజన్ మొదలుపెట్టిన రెండో ఏడాది, ఒక సీనియర్ ఇంటర్ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది (ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). "నాకేం లేదు మేడం, బానే ఉన్నా" అని మూడుసార్లు అంది. రిజిస్టర్‌లో 'పర్వాలేదు' అని రాసి పంపేశాను. సూపర్‌విజన్‌లో ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పి దాటేయబోతుంటే మేడం ఆపారు. "మూడోసారి ఆ మాట అన్నప్పుడు మీరు ఎటు చూస్తున్నారు?"

గోడ గడియారం వైపు. బయట ఇంకా ఆరుగురు పిల్లలు కూర్చున్నారని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపటికి నాకే తట్టింది. మా తమ్ముడు ఇంటర్ తప్పిన ఏడాది ఇంట్లో ఇదే మాట అనేవాడు, మేమంతా నమ్మేశాం. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి గడియారానికి వీపు పెట్టి కూర్చున్నాను. చాలాసేపు చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. తర్వాత చెప్పింది, వారం రోజులుగా నిద్ర లేదని.

పని చేస్తూ ఆలోచించడం, పని అయ్యాక వెనక్కి చూసి ఆలోచించడం అని డొనాల్డ్ షాన్ అనే అమెరికన్ ఆలోచనాపరుడు 1983లో రెండుగా విడదీసి చెప్పాడు. నాకు రెండోది అలవాటయ్యాకే మొదటిది వచ్చింది. ఇప్పుడు నా చూపు గడియారం మీదికి పోతుంటే అక్కడికక్కడే తెలుస్తోంది.

ఇబ్బందులు లేకపోలేదు. ఫీజు నా జేబులోంచే. బ్రిటన్‌లో బీఏసీపీ (అక్కడి కౌన్సెలర్ల సంఘం) అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, ఉన్న కౌన్సెలర్లకి నెలకి కనీసం గంటన్నర సూపర్‌విజన్ తప్పనిసరి. ఇక్కడ మేనేజ్‌మెంట్‌ని అడిగితే "మీకే కౌన్సెలింగ్ కావాలా?" అన్నారు, చాలా బాధేసింది. డబ్బు కలిసొస్తుందని గుంటూరు బ్రాడీపేటలో నలుగురు కౌన్సెలర్లం కలిసి ఆదివారాలు కూర్చుని చూశాం. మనసు తేలికపడేది కానీ మూడోవారానికే మాటలు మేనేజ్‌మెంట్ల మీదికి మళ్లాయి. గట్టిగా ఆపే మనిషి లేకపోతే అది నడవదు.

ఇంకోటి, పిల్లల ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే సూపర్‌విజన్ రోజు దాకా ఆగకూడదు. అదే రోజు ఇంటివాళ్లకి, సైకియాట్రిస్టుకి చెప్పాలి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు నా టేబుల్ మీద అంటించే ఉంటుంది.

మొన్న మేడమే అడిగారు, ఇక నెలకోసారి చాలేమో అని. వద్దన్నాను. జూన్‌లో హాస్టల్‌కి కొత్త పిల్లలు వస్తారు.