ట్యూబులెస్ టైర్లు, రెండున్నరేళ్ళు, పంతొమ్మిది ముళ్ళు

రోడ్డు సైకిలుకు ట్యూబులెస్ టైర్లు వేయించి రెండున్నరేళ్ళయింది. సుమారు 14,000 కిలోమీటర్లు తిరిగాను. బరువెంత, ధరెంత, ఏ రిమ్ముకు ఏది సరిపోతుంది అన్న వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. ఈ టైర్లతో నా బేరం ఒక్కటే: ముళ్ళ బాధ తప్పించాలి.

హైదరాబాదుకు పడమటి వైపు తొక్కేవారికి ఆ బాధ విడమర్చి చెప్పనక్కరలేదు. వానలు వెనకపట్టాక గండిపేట, శంకర్‌పల్లి, చిలుకూరు దారుల అంచుల్లో పల్లేరు తీగలు పసుపు పూలతో ముచ్చటగా పాకుతాయి. పూలు పోయి కాయలు ఎండాక అసలు సంగతి బయటపడుతుంది. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. వెనక లారీ హారన్ కొట్టగానే మనం జరిగేది సరిగ్గా ఆ అంచుకే. ఇవి చాలవన్నట్టు మేకల కోసం నరికిన తుమ్మ కొమ్మలు, పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగలు. ట్యూబుల రోజుల్లో ఒకసారి 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిలు యాత్ర, తొక్కాను. గడువు 13 గంటల 30 నిమిషాలు. నాకు మూడు పంక్చర్లు. మూడోది చీకటి పడ్డాక, ఫోను లైటు పళ్ళతో కరచిపట్టుకుని వేసుకున్నాను. తొమ్మిది నిమిషాల గడువు మిగిలి ఉండగా చేరాను. మరుసటి వారమే ట్యూబులెస్‌కు మారాను.

ఈ టైర్ల లోపల పోసే, రంధ్రాలు మూసే ద్రవం పేరు సీలెంట్. అది పనిచేయడం మొదటిసారి చూసిన రోజు బాగా గుర్తు. గండిపేట దగ్గర వెనక చక్రం బుస్సుమంది. చక్రం తిరిగినప్పుడల్లా పిక్కల మీద మజ్జిగ చుక్కల్లా తెల్లని తుంపర. దిగాలా వద్దా అని తేల్చుకునేలోపే బుస ఆగిపోయింది. ఇంటికొచ్చి చూస్తే గాలి ఒత్తిడి 68 పీఎస్ఐ ఉండాల్సింది 55 ఉంది, అంతే. ఆ సంతోషంలో కనిపించిన ప్రతి సైకిలు మిత్రుడికీ ‘మారండి, మారండి’ అని చెప్పాను. నా మాట విని ఇద్దరు మారారు కూడా. రెండేళ్ళకు పైగా ఒక్క పంక్చరూ లేదని గొప్పలు చెప్పుకున్నాను. ఆ మాటను ఇప్పుడు కాస్త సవరించుకోవాలి.

ఆ సవరణకు కారణం మొన్నటి మే నెలలో జరిగింది. సీలెంట్ అంటే దాదాపుగా నీళ్ళలో కలిపిన రబ్బరు పాలే. రంధ్రం పడితే గాలితోపాటు అటు పరుగెత్తి, అక్కడే గడ్డకట్టి మూసేస్తుంది. ఆ నీరు నెమ్మదిగా ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి కొన్ని నెలలకోసారి మళ్ళీ పోయాలి. నేను ఫిబ్రవరిలో పోసి నిశ్చింతగా ఉన్నాను. అయితే మా బాల్కనీ పడమటి ముఖం. ఏప్రిల్ అంతా ఇంట్లో పెళ్ళి పనులు, సైకిలు కదల్లేదు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ నేరుగా చక్రాల మీదే.

వికారాబాదు దారిలో మొయినాబాదు దాటి, మర్రిచెట్ల నీడలోకి వచ్చేసరికి వెనక చక్రం మెత్తబడింది. బుస వినిపించింది గానీ తుంపర రాలేదు. ఏదో కోసుకుపోయినట్టు టైరు మీద చిన్న గాటు. గాటులో ప్లగ్, అంటే రంధ్రం మూసే రబ్బరు ముక్క, గుచ్చి, చేతి పంపుతో చెమటలు కక్కుతూ గాలి కొట్టాను. నాలుగు కిలోమీటర్లు వచ్చాక మళ్ళీ దిగిపోయింది. సరే, ట్యూబు వేద్దామని సంచీ తీశాను. ఈ టైర్లు రిమ్మును ఎంత గట్టిగా పట్టుకుంటాయో అప్పుడు తెలిసింది. టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివరు ఒకటి విరిగింది, రెండు బొటనవేళ్ళూ కమిలాయి. చివరికి టైరు ఒకవైపు ఊడింది గానీ, ట్యూబులెస్ వాల్వు మర మీద సీలెంట్ ఎండి బంక పట్టింది. అది కదిలితే కదా ట్యూబు పట్టేది. దానికి పట్టుకారు కావాలి, నా దగ్గర లేదు. సైకిలు బూట్లు నడకకు పనికిరావు కాబట్టి చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో తారు మీద నడిచి ఒక పంక్చరు దుకాణం చేరాను.

దుకాణంలో ఉన్న పెద్దాయన వాల్వును రెండు తిప్పుల్లో ఊడదీశాడు. ట్యూబు ఎక్కించి గాలి పట్టాం. నేను టీ తాగి వచ్చేలోపు చక్రం మళ్ళీ చదును. ఆయన విసుక్కోకుండా టైరు విప్పి, లోపల ఒక దూది ముక్కతో నెమ్మదిగా తడుముతూ వచ్చాడు. దూది ఒకచోట చిక్కుకుంది. పట్టుకారుతో లాగితే పల్లేరు ముల్లు. అరంగుళం అవతల ఇంకొకటి.

“ఇన్ని ముళ్ళు పెట్టుకుని ఎలా తిరిగారు సార్?”

“ట్యూబు లేదుగా, తెలియలేదు.”

“ట్యూబు లేకపోతే ముల్లు గుచ్చుకోదా?”

“గుచ్చుకుంటుంది. లోపల పాలు ఉంటాయి, అవి మూసేస్తాయి.”

ఆయన టైరును వెలుతురుకు పెట్టి చూశాడు. లోపల ఎండిన మీగడలాంటి పొర తప్ప ఏమీ లేదు. “పాలు ఎక్కడున్నాయి మరి?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

మొత్తం పంతొమ్మిది తేలాయి. అందులో రెండు తుమ్మ ముళ్ళు, ఒకటి ఉక్కు తీగ. అంటే పంక్చర్లు కాలేదని నేను చెప్పుకున్న కాలమంతా పంక్చర్లు అవుతూనే ఉన్నాయి, నాకు కబురు అందలేదంతే. ఆ ముళ్ళ మీద ట్యూబు వేయడమంటే పరుపు కింద సూదులు దాచి పడుకోవడమే. ఆయన ట్యూబుకు రెండు ప్యాచులు వేసి అరవై రూపాయలు అడిగాడు. నూట యాభై ఇచ్చి ఇంటిదారి పట్టాను. వికారాబాదు చేరలేదు.

ఇంకో సవరణ కూడా. రోడ్డు పట్టులా మారిందని మొదట్లో చాలామందికి చెప్పాను. అదే రోజున 25 మిల్లీమీటర్ల టైర్ల నుంచి 28కి కూడా మారానని వాళ్ళకు చెప్పలేదు. అందులో ట్యూబు లేకపోవడం వాటా ఎంతో, వెడల్పు వాటా ఎంతో నేను విడదీయలేను. కొత్త టైరు రిమ్ములో కూర్చోవాలంటే ఒక్కసారిగా గాలి కావాలి. మా ఇంటి పంపుతో ఎప్పుడూ కాలేదు, చక్రం పట్టుకుని కార్ల టైర్ల దుకాణానికి వెళ్ళాల్సిందే. సీలెంట్ నింపిన రోజు బాల్కనీలో అమోనియా వాసన వస్తుంది. ఇంట్లో దాని గురించి నడిచే చర్చ ఇక్కడ రాయను.

ఇంతా చెప్పి, వదిలేశానా అంటే లేదు. వెనక చక్రానికి ఇప్పటికీ ట్యూబులెస్సే, ముందు చక్రానికి మాత్రం ట్యూబు. నా పంక్చర్లలో ఎక్కువ వెనకవే కాబట్టి నాకిది సరిపోయింది. అయితే నేను వారానికి మూడు రోజులు, ఒంటరిగా, ముళ్ళ దారుల్లో తొక్కేవాణ్ణి. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో వచ్చిన సౌర ఫలకాలే పైకప్పుగా ఉన్న 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు మీద ఆదివారం పూట మాత్రమే తిరిగేవారికి ఈ తంటా ఎందుకో నాకు తోచదు. నీడపట్టున సైకిలు పెట్టుకునే చోటున్నవారి లెక్క వేరు. కోస్తా ఉక్కపోతలో ఈ పాలు ఎన్నాళ్ళు నిలుస్తాయో అక్కడ తొక్కేవారే చెప్పాలి.

సంచీలోకి చిన్న పట్టుకారు, దూది ముక్క చేరాయి. వంటింటి క్యాలెండరులో గ్యాసు బండ తేదీ పక్కన ‘పాలు పోశాను’ అని రాసుకుంటున్నాను. పాలబ్బాయి లెక్క అనుకుని మా అమ్మ ఇప్పటికి రెండుసార్లు కొట్టేసింది.