క్విన్స్ మొక్క కొంటున్నారా? ఆకు తిరగేసి చూడకుండా డబ్బు కట్టకండి

ముందే చెప్పేస్తాను. క్విన్స్ అంటే బేరిపండులా ఉండి, వండుకుని తినే పసుపు పండు. ఆన్‌లైన్‌లో "క్విన్స్" అని అమ్మే ప్రతి మొక్కా మనకి కావలసిన క్విన్స్ కాదు. ఈ ముక్క తెలియక నేను 94 డాలర్లు, వాటితో పాటు మూడేళ్లు పోగొట్టుకున్నాను. మా కాలిఫోర్నియా బే ఏరియాలో పెరట్లో పండ్ల చెట్లు వేసుకునే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. దానిమ్మ, అంజూర, పర్సిమన్ వేసేశాక ఇంకేం వేద్దామా అని వెతుకుతుంటే ఎవరికైనా ఈ పేరు తగులుతుంది. జనవరి దగ్గరపడుతోంది, మట్టి లేకుండా ఉత్త వేళ్లతో మొక్కలు అమ్మే బేర్ రూట్ సీజన్ అదే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఇందులో నాకు సిగ్గనిపించే సంగతొకటుంది. మాది కడియం పక్క ఊరు. గేటు దాటితే నర్సరీలే. బంగినపల్లి అంటు అని చెప్పి టెంక మొక్క అంటగట్టబోతే, కాండం మీద అంటు ముడి ఎక్కడుందో చూపించమని అడగడం నాకు పదేళ్ల వయసుకే వచ్చు. అలాంటివాణ్ణి ఇక్కడి ఫ్రీమాంట్ ఊళ్లో సోఫాలో కూర్చుని, ఫోన్‌లో ఫోటో చూసి చెట్టు కొన్నాను.

క్విన్స్ పిచ్చి పట్టించింది మా పక్కింటి పెద్దావిడ. వాళ్లది కాబూల్. ఫ్రీమాంట్‌లో సెంటర్‌విల్ వైపు అఫ్గాన్ దుకాణాలు ఎక్కువ, దాన్ని లిటిల్ కాబూల్ అనే అంటారు. ఒక అక్టోబర్‌లో ఆవిడ తన పెరటి చెట్టువి రెండు కాయలు తెచ్చిచ్చారు. పసుపు రంగు, బేరిపండు ఆకారం, ఒంటినిండా బూడిద రంగు నూగు. బొటనవేలితో రుద్దితే నూగు ఊడి వచ్చేసింది. హాల్లో గిన్నెలో పెడితే రెండు రోజులకి ఇల్లంతా వాసన. కోసి నోట్లో పెట్టుకుంటే మాత్రం పచ్చి అరటికాయంత వగరు. దీన్ని వండుకోవాలి. పంచదార పాకంలో సన్నని సెగ మీద గంటన్నర, రెండు గంటలు ఉంచితే తెల్లటి ముక్క మెల్లగా గులాబీ రంగుకి, తర్వాత ఇటుక ఎరుపుకి తిరుగుతుంది. వాళ్లు మాంసం కూరలో కూడా వేస్తారు.

ఆవిడ దాన్ని "బిహీ" అనగానే మా ఆవిడ లేచి కూర్చుంది. తనది హైదరాబాద్. చిన్నప్పుడు దగ్గొస్తే యునానీ దుకాణం నుంచి బిహీదానా తెచ్చి, రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఆ జిగురు తాగించేవారట. ఆ గింజలు ఈ పండువే. పేరు తెలిసినా పండు ఎప్పుడూ చూడలేదు తను. ఇంకేముంది, చెట్టు కావాల్సిందే అని పట్టు.

2021 జనవరిలో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర దొరికింది. "స్మిర్నా క్విన్స్, మూడేళ్ల అంటు మొక్క, వచ్చే ఏడాదే కాపు" అని రాసుంది. స్మిర్నా అంటే టర్కీలో ఇజ్మీర్‌కి పాత పేరు, ఆ రకం నిజంగానే ఉంది, కాయ పెద్దది. ఫోటోలో కాయలు చిన్నసైజు సొరకాయల్లా వేలాడుతున్నాయి. మొక్క 74, షిప్పింగ్ 20. వందల్లో రివ్యూలు, అన్నీ ఐదు స్టార్లే.

ఆ రివ్యూల గురించి ఒక మాట. తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది, అవన్నీ పెట్టె విప్పిన రోజు రాసినవే. "ప్యాకింగ్ బాగుంది", "వేళ్లు తడిగా ఉన్నాయి", "చిగుళ్లు పచ్చగా ఉన్నాయి". కాయ కాశాక వెనక్కొచ్చి రాసినవాళ్లు ఒక్కరు లేరు. మిక్సీ కొంటే వారంలో తెలిసిపోతుంది. పండ్ల చెట్టుకి అలా కుదరదు, మోసం బయటపడేసరికి మీ ఆర్డర్ వాళ్ల సైట్‌లో కూడా కనబడదు.

పెట్టె విప్పితే మొదలు నుంచే మూడు కొమ్మలు, వాటికి ముళ్లు. నిమ్మజాతికి ముళ్లుండవా ఏంటి, ఇదీ అంతేనేమో అనుకున్నాను. గొయ్యి తీసి, కంపోస్టు వేసి, నాటాను. 2022 ఫిబ్రవరిలో ఒక్క ఆకు కూడా రాకముందే మోడు కొమ్మలనిండా ఎర్రటి పూలు. మన ఊళ్లో మోదుగ పూసినట్టే ఉంది. ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలు పెట్టేశాను, రాజమండ్రి నుంచి అత్తయ్య "శుభం" అని కూడా పెట్టింది. 2023 వేసవి చివరికి నాలుగు కాయలు మిగిలాయి. నిమ్మకాయంతవి. తొడిమ ఉందో లేదో తెలియనట్టు కొమ్మకి కరుచుకుని ఉన్నాయి. ఇంకా పెరుగుతాయి అని నవంబర్ దాకా చూశాను.

చివరికి పెద్దావిణ్ణి పిలిచాను. ఆవిడ దూరం నుంచే నవ్వడం మొదలుపెట్టారు. ఏమీ మాట్లాడకుండా తన పెరట్లోకి తీసుకెళ్లి, రాలకుండా మిగిలిన ఆకొకటి తెంపి, తిరగేసి నా చేతిలో పెట్టారు. అడుగువైపు మఖమల్ గుడ్డలా ఉంది. మళ్లీ మా మొక్క ఆకు. రెండు వైపులా నున్నగా ఉంది, అంచు రంపపు పళ్లలా ఉంది. "ఇది బిహీ కాదు, పూల పొద" అన్నారు.

సంగతేంటంటే, ఇంగ్లీషులో ఈ పేరు మీద మూడు వేరువేరు మొక్కలున్నాయి. వండుకునే పెద్ద పండుది సైడోనియా ఆబ్లాంగా. నాకొచ్చింది కీనోమిలిస్, అందం కోసం కంచె పక్కన పెంచే ఫ్లవరింగ్ క్విన్స్. మూడోది సూడోసైడోనియా, చైనీస్ క్విన్స్. దాని కాయ కూడా పెద్దదే కానీ నూగు లేకుండా నున్నగా ఉంటుంది, కాండం బెరడు పెచ్చులుగా ఊడి మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. మూడూ ఒకే కుటుంబం. అమ్మేవాడు "ఫ్లవరింగ్" అన్న ఒక్క మాట మింగేస్తే చాలు, అబద్ధం చెప్పకుండానే అమ్మేయొచ్చు.

అడిగితే అచ్చంగా అదే జవాబొచ్చింది. "మేము క్విన్స్ అని రాశాం, క్విన్సే పంపాం. ఫోటో ఉదాహరణ కోసమే. రిటర్న్ గడువు 30 రోజులు." మరి స్మిర్నా అని రాశారుగా అంటే జవాబు లేదు. క్రెడిట్ కార్డు వాళ్లని అడిగాను, అంత పాత కొనుగోలు మీద ఏమీ చేయలేమన్నారు. వాళ్లననడానికి లేదు.

గుర్తుపట్టడం నిజానికి చాలా తేలిక, ఎవరైనా ముందే చెప్పి ఉంటే. అసలైన క్విన్స్‌కి ముళ్లుండవు. కానీ ముళ్లు లేని పూల రకాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి, కాబట్టి ముళ్లు లేవని నమ్మేయకండి. ఆకు అంచు పళ్లు లేకుండా సాఫీగా ఉండాలి, అడుగున నూగుండాలి. లేత కొమ్మ మీద కూడా బూడిద రంగు నూగుంటుంది. ఆకులు లేని జనవరిలో కొనేటప్పుడు చూడాల్సింది అదే. పువ్వు ఆకులు వచ్చాక, చిగురు కొసన ఒక్కొక్కటిగా, తెలుపులో లేత గులాబీ కలిసినట్టు పూస్తుంది. మోడు కొమ్మ మీద గుత్తులుగా ఎర్రగా పూసిందంటే సంబరపడకండి. అన్నిటికన్నా ముందు, ట్యాగ్ మీద లాటిన్ పేరు చూడండి. లేకపోతే మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా అడగండి. "సైడోనియా ఆబ్లాంగా అవునా కాదా" అన్నదానికి తిన్నగా జవాబివ్వని చోట కొనకండి.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కోపంలో తొందరపడి 2024 మార్చిలో, వారాంతాల్లో రోడ్డు పక్కన మొక్కలు అమ్మే ఒకాయన దగ్గర ఇంకోటి కొన్నాను. ఈసారి ఆకు తిరగేసి చూశాను, నూగుంది. జాతి కరెక్టే. కానీ కాండం మీద ఒకచోట బెరడు నల్లబడి లోపలికి కుంగినట్టుంది, ఒక కొమ్మ కొస వాడి కొక్కెంలా వంగుంది. అడిగితే "గాలికి ఎండింది" అన్నాడు. నేనూ సరే అన్నాను. 40 డాలర్లు.

అది ఫైర్ బ్లైట్. ఎర్వినియా అమైలోవొరా అనే బ్యాక్టీరియా తెచ్చే తెగులు. క్విన్స్ దానికి బాగా లొంగిపోయే చెట్టు. పూత సమయంలో వెచ్చగా ఉండి వాన పడితే చాలు, వాన చుక్కలతో, తేనెటీగలతో పువ్వు నుంచి పువ్వుకి వెళ్తుంది. మే నెలకి చిగుళ్లన్నీ మంట తగిలినట్టు నల్లబడి, ఆకులు రాలకుండా వేలాడాయి. కాండం మీద తేనె రంగు బొట్లు కారాయి. ఎండిన చోటు నుంచి ఒక అడుగు కిందకి కోసి, ప్రతి కోతకీ కత్తెరని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. ఆలస్యమైపోయింది. అది పోవడమే కాదు, పక్కనున్న ఏషియన్ పేర్ చెట్టుకి కూడా అంటుకుంది. ఆరేళ్ల చెట్టు, ఏటా రెండు బుట్టలు కాసేది. దాన్ని కొట్టించిన రోజు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. మీ పెరట్లో యాపిల్, పేర్, లోక్వాట్ ఉంటే ఈ విషయం మామూలుగా తీసుకోకండి, ఇవన్నీ దీని బాధితులే.

కాలిఫోర్నియాలో మొక్కలు అమ్మాలంటే మామూలుగా రాష్ట్ర వ్యవసాయ శాఖ ఇచ్చే నర్సరీ లైసెన్స్ ఉండాలి. నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు మొహమాటం లేకుండా అడుగుతాను. పక్కకి చూశాడంటే నేనూ పక్కకి నడుస్తాను.

మూడోది ఈ ఏడాది జనవరిలో, లైసెన్స్ ఉన్న నర్సరీకి వెళ్లి, చూసి, పట్టుకుని కొన్నాను. పైనాపిల్ అనే క్విన్స్ రకం. ఇక్కడి శాంటా రోసాలోనే, మొక్కల్లో కొత్త రకాలు పుట్టించిన లూథర్ బర్బాంక్ తయారుచేసి 1899లో విడుదల చేసిన రకమిది. "అంటు మొక్క" అని గొప్పగా చెప్పి ఎక్కువ ధర అడిగితే పడిపోకండి. క్విన్స్ కొమ్మ నాటితే వేళ్లు పోసుకునే జాతి, సొంత వేళ్ల మీద పెరిగినా లోటేమీ లేదు. పేర్ చెట్లు పొట్టిగా ఉండాలని వాటిని క్విన్స్ వేరు మీదే అంటుకడతారు, అంత గట్టిది. ఇంకో చెట్టు తోడు కూడా అక్కర్లేదు, తన పుప్పొడితోనే కాస్తుంది. రెండు కొనమన్నారంటే అది వాళ్ల అవసరం.

పెంపకంలో నేను చేసిన తప్పొకటి చెప్తాను. రెండో మొక్కకి త్వరగా ఎదగాలని నైట్రోజన్ ఎరువు దండిగా వేశాను. మెత్తటి లేత చిగుళ్లు బోలెడు వచ్చాయి, ఫైర్ బ్లైట్‌కి కావలసింది సరిగ్గా అవే. ఇప్పుడు వసంతంలో ఒక పలుచటి పొర కంపోస్టు, అంతే. కొసలు కత్తిరించి గుండ్రంగా చేయాలని కూడా చూడకండి, పువ్వు ఆ ఏటి చిగురు కొసనే వస్తుంది కాబట్టి కాయలు కూడా కత్తెరతోనే పోతాయి. చలికాలంలో ఎండినవీ, ఒకదానికొకటి రాసుకునేవీ తీసేస్తే చాలు. మా బంకమట్టి నేలని ఇది తట్టుకుంటోంది.

మన ఊళ్లలో ఉన్నవాళ్లకి ఒక మాట. మా తోడల్లుడు హైదరాబాద్ నుంచి లింక్ పంపాడు, "కశ్మీరీ క్విన్స్ మొక్క, కుండీలో కూడా కాస్తుంది" అని. కశ్మీర్‌లో ఈ చెట్టు నిజంగానే ఉంది, బమ్‌చూంఠ్ అంటారు. కానీ దానికి చలికాలం నిద్ర కావాలి. యాపిల్ అంత కాకపోయినా కొన్ని వందల గంటలు గట్టి చలి ఉండాలి. హైదరాబాద్ డాబా మీద అది దొరకదు. "బిహీదానా కావాలంటే దుకాణంలో కొనుక్కో, అదీ నానబెట్టే తాగు, గింజలు నమలకు" అని చెప్పాను. కొనలేదు, ఒకడైనా విన్నాడు.

పూల పొదని పీకేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ నిమ్మకాయంత కాయల్ని కోరి, మెంతిపొడి వేసి పచ్చడి పెట్టింది. పులుపు అదిరిపోయింది, ఆ మాట ఒప్పుకోవాలి.

కొత్త చెట్టు నడుమెత్తు వచ్చింది. నిన్న సాయంత్రం నీళ్లు పెడుతూ మళ్లీ ఒక ఆకు తిరగేసి, బొటనవేలితో రాసి చూశాను. నూగుంది.